కాన్ కావాలట, కాన్ మాత్రం ఇవ్వరట



నేను చదివింది ఉర్దూ మీడియం బడి అని మీలో చాలామందికి తెలుసు. మా ఉస్తాద్ రోజూ ఇమ్లా చెప్పేవారు. ఒకరోజు ‘కాన్’ అన్నారు. కాఫ్, అలిఫ్, నూన్ రాసేశాం. "మానీ బోలో" అన్నారు. నేను చెవి పట్టుకుని చూపించాను. నా పక్కన కూర్చునేవాడి అబ్బా నాపరాళ్ల గనిలో కూలీ. వాడు లేచి "గని" అన్నాడు. నేను నవ్వాను. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. "దోనోఁ సహీ" అన్నారు. రాత ఒకటే, పలుకు ఒకటే. భూమిని తవ్వేదీ కాన్, మనిషి మాట వినేదీ కాన్.

ముప్పై ఏళ్లు దాటాక ఆ ఇమ్లా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కాగితం. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీస్ మెమోరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు, వ్యూహాత్మక ఖనిజాలు తవ్వే గనులకు ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది దాని సారం. గని చిన్నదైనా పెద్దదైనా ఫైలు ఢిల్లీలోనే చూస్తారు. ఆ జాబితాలో లిథియం ఉంది, యురేనియం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. మామూలు భాషలో చెప్పాలంటే, మీ ఊరి కింద గని తవ్వే ముందు మీ ఊళ్లో షామియానా వేసి మిమ్మల్ని అడిగే పని లేదు. సర్కారుకు కాన్ కావాలి. మనకు తన కాన్ మాత్రం ఇవ్వదు.

ఈ సంగతి నడికుడి స్టేషన్ దగ్గర చాయ్ బండి కాడ చెబితే ఒక చాచా గ్లాసు కింద పెట్టకుండానే అన్నారు: "హమారా క్యా జాతా బేటా? హమ్నా జమీన్ హై క్యా, బావి హై క్యా? భూమి ఉన్నోళ్లు కొట్లాడుకుంటారులే."

ఈ వ్యాసం ఆ చాచా కోసం. ఆయన అన్న మాట మన మొహల్లాల్లో ఇంటింటా ఉంది. హుకుం ఇచ్చినవాళ్ల మీద కోపం తర్వాత. ముందు మన ఖామోషీ సంగతి తేల్చుకోవాలి.

నడికుడి కింద లిథియం దొరికిందని నేను అనడం లేదు. మన కింద ఉన్నది సున్నపురాయి, నాపరాయి. దాచేపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా, అటు మాచర్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నం బట్టీలు దాని మీదే బతుకుతున్నాయి. మరి లిథియం మెమోతో మనకేం పని అంటారా? ఆ మెమోలో లిథియం పక్కనే యురేనియం ఉంది. మాచర్ల వైపు కొప్పునూరు పేరు విన్నారా? అక్కడ నేల కింద యురేనియం ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ వాళ్లు బోర్లు వేసి ఎప్పుడో తేల్చారు. కృష్ణకు అవతలి ఒడ్డున నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. సాగర్ రిజర్వాయర్‌కు ఆనుకుని ఉన్న ఆ కొండల్లోనూ యురేనియమే. ఇక వినుకొండ అవతల బండ్లమోట్టు సంగతి పాతవాళ్లకు తెలుసు. హిందుస్థాన్ జింక్ అక్కడ భూమి లోపలికి దిగి సీసం తవ్వింది. ఆ గని మూతపడింది. అంటే పల్నాటికి భూగర్భ గని కొత్తేమీ కాదు. రేపు ఇంకోటి రాదన్న గ్యారంటీ కూడా లేదు.

లిథియం కోసం శాస్త్రవేత్తలు ఎక్కువగా వెతికేది పెగ్మటైట్ అనే రాతిలో. కర్ణాటకలో మండ్య జిల్లా మార్లగళ్ల దగ్గర దొరికింది అందులోనే. మన గూడూరు, సైదాపురం ప్రాంతంలో తరతరాలుగా అభ్రకం తవ్విన రాయి కూడా ఆ జాతిదే. కాబట్టి తెలుగు నేల మీద లిథియం గని అన్నది కలలో మాట కాదు. 2023 ఆగస్టులో గనుల చట్టాన్ని సవరించి లిథియంతో కలిపి ఆరు ఖనిజాలను అణు ఖనిజాల జాబితా నుంచి తీసేశారు. ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. 24 ఖనిజాలను కీలక, వ్యూహాత్మక ఖనిజాలన్నారు. వాటి గనుల వేలం అధికారం కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్లకు ప్రజల్ని అడిగే పని కూడా తీసేసింది. ముందు దుకాణం తెరిచారు, తర్వాత తలుపు దగ్గర అడ్డుగా ఉన్నవాణ్ణి పక్కకు జరిపారు.

ఇంతకీ ప్రజాభిప్రాయ సేకరణ వల్ల ఒరిగేదేముంది? ఎలాగూ కంపెనీ వాళ్లు తమ మనుషుల్ని బస్సుల్లో తెచ్చుకుంటారు, మాంసం పలావు పొట్లాలు పంచుతారు, చప్పట్లు కొట్టిస్తారు. అంతే కదా? నిజమే. ఇరవై ఏళ్లుగా విలేకరి పనిలో ఉన్నాను. ఆ తమాషాలు నా కళ్లతో చూశాను. అయినా చెబుతున్నాను, ఆ తమాషాలో కూడా గరీబుకు ఒక్క దస్తావేజు దొరికేది.

2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ఏం చెబుతుందో చూడండి. హియరింగ్‌కు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో వెయ్యాలి. పత్రికలు రాని చోట దండోరా వేయించాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. జరిగిందంతా వీడియో తీయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి మెట్టు. జనం చెప్పిన అభిప్రాయాలను రాసి, సభ ముగిసేలోపు స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు అధికారి సంతకం చెయ్యాలి.

ఈ చివరి మెట్టు విలువ నాకు ఒక ఖాలా నేర్పారు. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక సున్నపురాయి క్వారీ విస్తరణకు హియరింగ్ పెట్టారు. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. నేను వెనక వరసలో నోట్‌బుక్‌తో కూర్చున్నాను. ముందు వరసలన్నీ తెల్ల చొక్కాలు. ఎవరు మైకు పట్టుకున్నా తరక్కీ, ఉద్యోగాలు, రోడ్లు. అప్పుడు ఒక ఖాలా లేచారు. తలమీది చెంగు సర్దుకుని, తెలుగూ తురకమూ కలిపి మాట్లాడారు. "సాబ్, మీరు మందు పేల్చినప్పుడల్లా మా ఇంటి గోడ కదులుతుంది. అది పోనివ్వండి. మా మసీదు బోరు రెండెండాకాలాల నుంచి ఎండిపోతా ఉంది. వజూకు నీళ్లు కొనుక్కోవాలా?" అంతే. కూర్చున్నారు.

సభ చివర గుమాస్తా చదివినప్పుడు ఉద్యోగాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, ఖాలా బోరు రాలేదు. ఆమె మళ్లీ లేచారు. "మేరీ బాత్ కహాఁ హై?" అన్నారు. షామియానా కింద ఒక్క నిమిషం నిశ్శబ్దం. అధికారి తల ఎత్తకుండానే గుమాస్తాకు సైగ చేశారు. ఆయన పెన్ను తీసి రాశాడు. మళ్లీ చదివాడు.

క్వారీ ఆగలేదు. మీకు అబద్ధం చెప్పను. కానీ ఆ ఒక్క వాక్యం సర్కారీ కాగితంలోకి ఎక్కింది. ఆ తర్వాత నీళ్ల ట్యాంకర్ కోసం ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ ఊరివాళ్లు ఆ పేజీ జెరాక్స్ పట్టుకెళ్లేవారు. "ఇదేదో ఈరోజు పుట్టిన ఫిర్యాదు కాదు సార్, మీ సంతకం కిందే ఉంది" అనేవారు. ట్యాంకర్ వచ్చింది.

దీని పక్కన మా ఇంటి కథ పెడతాను. మా అబ్బా జవానీ అంతా పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీల దగ్గర గడిచింది. రాత్రిళ్లు ఆయన దగ్గే మా ఇంటి గడియారం. దవాఖానాలో ఒకసారి దుమ్మన్నారు, ఒకసారి టీబీ అన్నారు, ఒకసారి బీడీలన్నారు. అబ్బా జిందగీలో ఒక్క బీడీ తాగలేదు. ఆయన ఎన్నేళ్లు ఆ బట్టీలో పనిచేశారో చెప్పే ఒక్క కాగితం ముక్క మా అమ్మీ ట్రంకు పెట్టెలో లేదు. హాజరు పట్టీ లేదు, జీతం రసీదు లేదు. కాగితం లేనివాడికి ముసీబత్ కూడా లేనట్టే లెక్క. అందుకే ఆ ఖాలా సాధించిన ఒక్క వాక్యం విలువ నాకు తెలుసు. ఢిల్లీ మెమో తీసేసింది షామియానాను, పలావు పొట్లాలను కాదు. ఆ వాక్యం రాసే పుస్తకాన్నే మూసేసింది.

నది అవతల ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. యురేనియం కార్పొరేషన్ వాళ్లు లంబాపూర్, పెద్దగట్టులలో గనులకు ప్లాను వేశారు. అందులో భూగర్భ గనులు కూడా ఉన్నాయి. 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. లంబాడా తండాల జనం వచ్చారు, హైదరాబాద్ నుంచి శాస్త్రం తెలిసినవాళ్లు వచ్చారు. సాగర్ నీళ్లు తాగే ఊళ్లకు, కుడి కాలువ కింద పండే పొలాలకు ఈ గని ఏం చేస్తుందని నిలదీశారు. ఆ సభ ఒక్కటే గనిని ఆపిందని నేను అనను. కానీ అంతవరకు ఫైళ్లలో ఉన్న సంగతి ఆ రోజు బజారుకు వచ్చింది. శుద్ధి కర్మాగారాన్ని ముందు అనుకున్న మల్లాపురం నుంచి శేరిపల్లికి మార్చాల్సి వచ్చింది. ఏళ్లు గడిచాయి, నేటికీ అక్కడి నుంచి ఒక్క లారీ ఖనిజం కదల్లేదు. తర్వాత 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. 2024 నవంబర్‌లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లు రోడ్డెక్కితే జిల్లా యంత్రాంగం ఆపేసింది. ఈ తీర్మానాలన్నిటి వెనకా మొదట నోరు తెరిచిన ఎవరో మామూలు మనిషి ఉన్నాడు.

ఇక కడప జిల్లా తుమ్మలపల్లె. అక్కడ గని వచ్చింది. భూగర్భ గనే. 2012లో పని మొదలైంది. గనిలోంచి వచ్చే వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు చెడ్డాయని, అరటి తోటలు ఎండాయని కొట్టాల రైతులు ఫిర్యాదులు చేశారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఎవరిది నిజమన్నది ఇక్కడ నా ఫైసలా కాదు. నా ప్రశ్న ఒక్కటే. గని వచ్చాక పదేళ్లకు బోరు నీళ్లు సీసాలో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు, గని రాకముందే ఆ చెరువు అడుగున ఏం పరుస్తారని అడగడం మేలు కాదా? అడిగే చోటు ఏదీ?

ఇప్పుడు చాచా రెండో మాటకు వస్తాను. "భూగర్భ గని అంటే లోపలే కదా, పైన పొలాలు పొలాల్లా ఉంటాయి, ఇళ్లు ఇళ్లలా ఉంటాయి. నుక్సాన్ ఏముంది?" అన్నారు. కంపెనీల బ్రోచర్లు కూడా ఇదే చెబుతాయి. విందాం, తర్వాత లెక్క చూద్దాం.

లిథియం గని ఎలా పుడుతుంది? ముందు రాతిలోకి సన్నని బోర్లు వేసి కడ్డీల్లా రాయి బయటికి తీస్తారు. దాన్ని బట్టి ఎంత సరుకుందో అంచనా కడతారు. ఆ అంచనాకు జీ4 నుంచి జీ1 దాకా నాలుగు మెట్లున్నాయి. 2023 ఫిబ్రవరిలో జమ్మూ దగ్గర రియాసీలో 59 లక్షల టన్నులు అని టీవీలు మోగాయి గుర్తుందా? అది ఇంకా కింది మెట్ల మీద ఉన్న అంచనా. తర్వాత వేలం వేస్తే కావలసినంత మంది ముందుకు రాక రద్దయింది. అంటే ఊరికి గని వార్త చేరినప్పటి నుంచి గని వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. మష్వరా చెయ్యడానికి టైం లేదన్నది వట్టి బహానా.

తర్వాత లారీలు దిగేంత వెడల్పున వాలు సొరంగం తొలుస్తారు. గాలి కోసం నిలువు బావులు తవ్వుతారు. సింగరేణిలో మనవాళ్లు భూగర్భ గనిని ‘బాయి’ అనే అంటారు. ఆ మాటలోనే రహస్యం ఉంది. బావిలో నీళ్లూరతాయి, గనిలోనూ నీళ్లూరతాయి. పని సాగాలంటే రాత్రింబగళ్లు తోడి పొయ్యాలి. లోతుగా తోడుతుంటే చుట్టుపక్కల బోర్ల నీళ్లు ఆ పల్లానికే జారతాయి. పైన పొలం పొలంలాగే కనిపిస్తుంది, బోరు మాత్రం గాలి పోస్తుంది. పల్నాటి రాతిలో నీళ్లు ఎలా నడుస్తాయో మీకు చెప్పాలా? పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం చూశారుగా. రాయి లోపల దారులు, దారుల్లో నీళ్లు. ఒకచోట తోడితే ఇంకెక్కడ ఎండుతుందో పైనుంచి చూసి ఎవరు చెప్పగలరు?

ఇక బయటికి వచ్చిన రాయి. స్పోడుమీన్ అనే ఖనిజం ఉన్న రాతిలో లిథియం ఆక్సైడ్ సాధారణంగా నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లే ఉంటుంది. దాన్ని పొడి చేసి, కడిగి, వేరు చేసి ఆరు పాళ్ల సరుకుగా చేస్తారు. అంటే నూరు లారీల రాయి ఎత్తితే పదిహేనో ఇరవయ్యో లారీల సరుకు. మిగిలిందంతా పిండి లాంటి ఇసుక. మంచి గనిలో దాన్ని సిమెంటు కలిపి మళ్లీ లోపల నింపుతారు. అయినా పొడి చేసిన రాయి ముందు పట్టిన చోట పూర్తిగా పట్టదు. మిగిలింది చెరువు కట్టి పైన ఉంచాలి. సాధారణంగా సరుకును వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి గంధకామ్లంతో ఉడికించి బ్యాటరీకి పనికొచ్చే లిథియం తీస్తారు. ఆ కర్మాగారం ఎక్కడ పెడతారు, దాని నీళ్లు ఎక్కడివి, దాని గాదు ఎక్కడికి? ‘భూగర్భం’ అన్న ఒక్క మాట వెనక ఇన్ని సవాళ్లు దాక్కున్నాయి.

భూగర్భ గని చెడ్డది అని కూడా నేను అనడం లేదు. కొండంత గుంత తవ్వే క్వారీ కంటే అది చాలా రకాలుగా నయం. ఆస్ట్రేలియాలో కాథ్లీన్ వ్యాలీ అనే లిథియం గని 2024లో ఉత్పత్తి మొదలుపెట్టి భూగర్భంలోకి మళ్లింది. పద్ధతి తెలిసినవాళ్లున్నారు. నా తగాదా పద్ధతితో కాదు, చెప్పకుండా చెయ్యడంతో.

"హమ్నా జమీన్ హై క్యా?" అన్న మాటకు జవాబు ఇది. చాచా, మీకు జమీన్ లేదు కాబట్టే మీరు ఎక్కువ భయపడాలి. భూమి ఉన్న ఆసామి దగ్గరికి కంపెనీ వాళ్లే కారులో వస్తారు, రేటు మాట్లాడతారు. అదే పొలంలో మిరపకాయలు కోసే మన ఆడవాళ్ల దగ్గరికి ఎవరొస్తారు? కౌలుకు చేసేవాడి దగ్గరికి, మేకలు కాసేవాడి దగ్గరికి, ఊరి మీద పాత సామాను కొనే మన దూదేకుల అన్న దగ్గరికి ఎవరొస్తారు? 2013 భూసేకరణ చట్టం సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతం మీదే బతికిన కూలీలను, కౌలుదార్లను, చేతిపనివాళ్లను కూడా బాధిత కుటుంబాలుగా లెక్క కట్టమంది. మంచి చట్టం. అయితే అది కదలాలంటే ముందు భూమి సేకరించాలి. పైన కొద్దిపాటి జాగా తీసుకుని మిగతాదంతా లోపలే తవ్వుకుపోతే, ఎండిన బోరు మీద బతికే మూడు వందల ఇళ్లు ఏ సేకరణ కింద లెక్కకొస్తాయి? ఈ ఇళ్లకు మిగిలిన ఒక్క దర్వాజా ప్రజాభిప్రాయ సేకరణ. అక్కడ పట్టా పాస్‌బుక్ అడగరు. ఆ ఖాలా పేరు మీద సెంటు భూమి లేదు. అయినా ఆమె మాట కాగితం ఎక్కింది.

సర్కారు దలీల్ కూడా ఇన్సాఫ్‌గా చెప్పుకుందాం. లిథియం కోసం మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతుల మీద ఆధారపడింది. దాన్ని శుద్ధి చేసే పనిలో పెద్ద భాగం చైనా చేతిలో ఉంది. రేపు వాళ్లు గొంతు నొక్కితే మన బ్యాటరీలు, మన బస్సులు, మన ఫౌజ్ పరికరాలు ఏమవుతాయి? రక్షణ శాఖ, అణుశక్తి శాఖ అడిగాయి కాబట్టే మినహాయింపు ఇచ్చామంటున్నారు. దేశ రక్షణకు, వ్యూహాత్మక అవసరాలకు సంబంధించిన ప్రాజెక్టులను హియరింగ్ నుంచి తప్పించే చిన్న కిటికీ 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. ఇప్పుడు ఆ కిటికీలోంచి మొత్తం గనుల శాఖను దూర్చారు.

ఈ దలీల్‌లో సగం నేను ఒప్పుకుంటాను. ఇది రాస్తున్న నా ఫోన్‌లో లిథియం ఉంది. మన పిల్లలు నడిపే ఎలక్ట్రిక్ ఆటోల్లో ఉంది. వతన్‌కు అవసరమైతే తవ్వాల్సిందే. కానీ మిసైల్ ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో రహస్యం అంటే అర్థం ఉంది. ఊరి బోరు ఎండుతుందా అన్నది ఏ దుష్మన్ దగ్గర దాచాల్సిన రహస్యం? వ్యర్థాల చెరువు కట్ట ఎత్తెంత అన్నది తెలిస్తే చైనాకు ఏం ఫాయిదా? పైగా ఈ లిథియం గనులను వేలంలో ప్రైవేటు కంపెనీలకు ఇస్తున్నారు. లాభం కంపెనీది, రహస్యం దేశానిది, దగ్గు మనది. ఇదెక్కడి ఇన్సాఫ్?

అడగకుండా చేస్తే పని త్వరగా అవుతుందన్నది కూడా వట్టి భ్రమ. సెర్బియా దేశంలో యాదర్ లోయలో 2004లో లిథియం దొరికింది. రియో టింటో కంపెనీ అక్కడ భూగర్భ గనికి ప్లాను వేసింది. ఊళ్లను ఒప్పించలేకపోయారు. జనం రోడ్లు దిగ్బంధం చేస్తే 2022 జనవరిలో అక్కడి ప్రభుత్వం అనుమతులు రద్దు చేసింది. 2024 జులైలో కోర్టు తీర్పుతో మళ్లీ లేపారు, ఆగస్టులో బెల్‌గ్రేడ్ వీధులు మళ్లీ నిండాయి. 2025 నవంబర్‌లో కంపెనీయే ఆ ప్రాజెక్టును పక్కన పెట్టింది. ఇరవై ఏళ్లకు పైగా గడిచినా ఒక్క టన్ను తియ్యలేదు. జనం నోరు మూస్తే సమయం కలిసొస్తుందనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

మరి మనం చేయాల్సిందేమిటి? దువా చేస్తాం, సబర్ చేస్తాం. సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని మాత్రం నాకు ఏ ఉస్తాదూ నేర్పలేదు.

మొదటిది, అది పార్లమెంటు చేసిన చట్టం కాదు, మెమో. ఆఫీసర్ సంతకంతో వచ్చింది, ఆఫీసర్ సంతకంతో పోగలదు. మన ఎంపీకి, ఎమ్మెల్యేకి అర్జీ పెట్టండి. ఓట్లప్పుడు మన గల్లీల్లోకి వచ్చి సలాం చెప్పేవాళ్లు ఈ ఒక్క మాట ఢిల్లీలో అడగలేరా?

రెండోది, గ్రామసభ ఇంకా మన చేతిలో ఉంది. భూగర్భంలో ఏ గని వచ్చినా ముందు మా సభలో నీటి లెక్క, వ్యర్థాల లెక్క తెలుగులో చెప్పాలని తీర్మానం రాయించండి. రిజిస్టర్‌లో ఎక్కించి, నకలు తీసుకోండి. గ్రామసభ అంటే మగవాళ్ల మీటింగ్ అనుకోకండి. అమ్మీలను, ఖాలాలను ముందు కూర్చోబెట్టండి. ఇంట్లో నీళ్ల కష్టం తెలిసింది వాళ్లకే.

మూడోది, ఇప్పటికే ఉన్న గనుల నుంచి మన వాటా అడగండి. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ వచ్చింది. పాత లీజుల కంపెనీలు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులవాళ్లు 10 శాతం అందులో జమ చెయ్యాలి. సున్నపురాయి కూడా అందులో వస్తుంది. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం మీద ముందు ఖర్చు పెట్టాలన్నది రూలు. పల్నాడు జిల్లాలో ఆ సొమ్ము ఏ ఊళ్లో దేనికి ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు కూడా లేదు. మన సున్నం బట్టీల అబ్బాల ఊపిరితిత్తుల పరీక్షకు అందులోంచి ఎంత వెచ్చించారో నేనూ అడగబోతున్నాను.

‘దరఖాస్తు’, ‘అర్జీ’, ‘ఫిర్యాదు’, ‘హక్కు’, ‘హామీ’, ‘జవాబు’. సర్కారీ ఆఫీసులో తెలుగువాడు వాడే ఈ మాటలన్నీ మన ఇళ్లల్లో మాట్లాడే జబాన్ నుంచి వచ్చినవే. మాటలు ఇచ్చినవాళ్లం, వాటిని వాడుకోవడంలో మాత్రం వెనకబడ్డాం.

చాచా చాయ్ అయిపోయింది. లేస్తూ అడిగారు, "నువ్వు చెప్పిన ఖాలా ఎవరు బేటా? ఆ ఊళ్లో మనవాళ్లున్నారు." చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా మసీదు బోరు కూడా ఈ ఏడు రంజాన్‌లో రెండుసార్లు ఆగింది. అది ఎక్కడ రాయించాలి?" అన్నారు.

నా దగ్గర నోట్‌బుక్ ఉంది. తేదీ వేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద ఆయన సంతకం పెట్టారు, ఉర్దూలో. వచ్చే గ్రామసభకు ఇద్దరం కలిసి వెళ్తున్నాం. మీ ఊళ్లో మీరూ ఒక కాగితం రాయండి.

ఖుదా హాఫిజ్.